బస్తా మీద ఖర్చెంత? లెక్క తెలిస్తేనే నిల్వ లాభం

ఆటోనగర్ గోదాముల నుంచి చిన్న రైతు నేర్చుకోదగిన పద్ధతులు

ట్రాక్టరు తొట్టి ఇరుసు విరిగితే సబ్బవరం, పరవాడ, కె.కోటపాడు వైపు రైతులు చాలామంది గాజువాక పక్కనున్న ఆటోనగర్‌కే వస్తారు. అక్కడ లారీ బాడీలు కట్టే షెడ్లున్నాయి. ఇనుము కోసేవారు, వెల్డింగు చేసేవారు, లేతు మిషన్లవారు ఉన్నారు. ఇటు ఓడరేవు, అటు ఉక్కు కర్మాగారం ఉండబట్టి పెద్దవీ చిన్నవీ గోదాములు కూడా ఉన్నాయి. మా ఊరి రైతు ఒకాయన తొట్టి బాగుచేయించడానికి వెళుతుంటే నేనూ తోడు వెళ్లాను. ఇరుసు అతకడానికి నాలుగు గంటలు పడుతుందన్నారు. ఎండకు నిలబడలేక ఎదురుగా ఉన్న గోదాము నీడకు చేరాం.

లోపల కలాసీలు లారీలోంచి బస్తాలు దించుతున్నారు. ఒక్క బస్తా కూడా గోడకు ఆనడం లేదు. కింద చెక్క పలకలు పరిచి, వాటి మీద ఇటుక గోడ కట్టినట్టు వరసలు పేర్చుతున్నారు. ప్రతి నెట్టుకూ ఒక చీటీ వేలాడుతోంది. సరుకు ఏ రోజు వచ్చిందో, ఎన్ని బస్తాలో, ఎన్ని వెళ్లాయో అందులో రాసి ఉంది. మా రైతు కాసేపు చూసి, "ఏటి బాబూ, గోడవార ఇంత జాగా ఒదిలేసినారు, ఉత్తినే పోతంది కదా" అన్నాడు. మేస్త్రీ నవ్వి, "ఆ జాగా ఒదలకపోతే సరుకే ఉత్తినే పోద్ది మావా" అన్నాడు.

ఆ మాట పట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాను. గోదాము వ్యాపారి బతికేది జాగా మీద, కూలి మీద, రోజుల మీద. ఈ మూడింటిలో ఎక్కడ పైసా కారిపోతోందో అతను రోజూ చూసుకుంటాడు. మన రైతు విత్తనం దగ్గర, ఎరువు దగ్గర లెక్క చూస్తాడు గాని, పంట ఇంటికి చేరాక లెక్క వదిలేస్తాడు. అసలు నష్టం అక్కడే మొదలవుతోంది.

మా ఇంటి మినుములు

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా నాన్న మార్చిలో కోసిన మినుములు ఎనిమిది బస్తాలు అమ్మకుండా దాచాడు. కళ్లంలో షావుకారు చెప్పిన ధర గిట్టలేదు. ఆషాఢం దాకా ఆగితే పెరుగుతుందని ఆశ. బస్తాలు పడమటింట్లో గోడకు ఆనించి, నేల మీదే పెట్టాం. ఆ సంవత్సరం ధర నిజంగానే పెరిగింది. కాని బస్తా విప్పేసరికి గింజ గింజకూ చిల్లు. షావుకారు గుప్పెడు తీసి అరచేతిలో ఊదితే పిండి ఎగిరింది. చివరికి కళ్లంలో చెప్పిన ధరలో సగానికి ఇచ్చేశాం. నాన్న కాటా దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఏడు నా ఫీజు అప్పు తెచ్చి కట్టారు.

నాన్న ఆలోచన తప్పు కాదు. దాచిన పద్ధతి తప్పు. ధర కోసం ఆగడం ఒక పని, సరుకు నిలబెట్టడం ఇంకో పని. రెండోది చేతకాకపోతే మొదటిది చేయకపోవడమే మేలు.

నిల్వ ఖర్చు నాలుగు రకాలు

నిల్వ ఖర్చు అనగానే అద్దె ఒక్కటే గుర్తొస్తుంది. నిజానికి నాలుగు ఖర్చులున్నాయి. ఒకటి జాగా అద్దె. రెండు మోత కూలి, రవాణా. మూడు వడ్డీ. నాలుగు తరుగు, అంటే పురుగు, ఎలుక, బూజు వల్ల పోయేది. మొదటి రెండూ కంటికి కనిపిస్తాయి. తర్వాతి రెండూ కనిపించవు, కాని ఎక్కువ తినేవి అవే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు. మీ ఊళ్లో ఉన్న రేట్లు వేసుకుని మీరే లెక్క కట్టుకోవచ్చు. ఒక రైతు దగ్గర 10 క్వింటాళ్ల మినుములున్నాయి. 50 కిలోల బస్తాలు 20. కళ్లంలో ధర క్వింటాలుకు 7,000 రూపాయలు. నాలుగు నెలలు ఆగాలనుకున్నాడు. ఈలోగా ఇంటి అవసరానికి 49,000 రూపాయలు అప్పు తెచ్చాడు.

- బస్తాకు నెలకు 10 రూపాయల చొప్పున నాలుగు నెలల అద్దె: 800
- దించడానికి, మళ్లీ ఎక్కించడానికి బస్తాకు 30 చొప్పున: 600
- తనొక్కడికే బండి మాట్లాడుకున్న ఖర్చు: 1,500
- ఊళ్లో నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ, నాలుగు నెలలకు: 3,920

మొత్తం 6,820 రూపాయలు. అంటే ధర క్వింటాలుకు 682 రూపాయలు పెరిగితే గాని పెట్టిన ఖర్చు రాదు. దీనికి తోడు నూటికి అయిదు వంతులు పురుగు తిన్నదనుకోండి. 50 కిలోలు పోతాయి, అంటే మరో 3,500. మొత్తం 10,320. ఇప్పుడు మిగిలిన తొమ్మిదిన్నర క్వింటాళ్లకు క్వింటాలుకు సుమారు 1,086 పెరగాలి. పుచ్చు గింజ ఉన్నందుకు మిగిలిన సరుకుకు కోసే ధర ఇందులో కలపలేదు.

ఇదే రైతు మరో నలుగురితో కలిసి బండి మాట్లాడుకుంటే రవాణా 1,500 బదులు 300 అవుతుంది. ఊరి అప్పు బదులు గోదాము రశీదు మీద బ్యాంకులో ఏడాదికి 7 శాతం వడ్డీకి తెచ్చుకుంటే నాలుగు నెలలకు వడ్డీ 1,143. అద్దె, కూలి మామూలే. పురుగు పడకుండా చూసుకున్నాడు. మొత్తం ఖర్చు 2,843 రూపాయలు, క్వింటాలుకు 284. అదే సరుకు, అదే నాలుగు నెలలు. తేడా 7,477 రూపాయలు. ఈ తేడా ఏ ధర పెరుగుదల వల్లా వచ్చింది కాదు. పద్ధతి వల్ల మిగిలింది.

జాగా అద్దె తగ్గాలంటే

గోదాము అద్దె చదరపు అడుగుకు కడతాం. అయితే సరుకు పేర్చేది ఎత్తులో కూడా. ఎత్తు వాడుకోనివాడు గాలికి అద్దె కడుతున్నట్టే.

కొందరు రైతులు కలిసి 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు ఉన్న షెడ్డు నెలకు 8,000 రూపాయలకు తీసుకున్నారనుకుందాం. అందులో 30 అడుగులు, 20 అడుగుల నెట్టు ఒకటి పడుతుంది. ప్రభుత్వ గోదాముల్లో కూడా సాధారణంగా ఇదే కొలత. రెండు పక్కలా, వెనక రెండున్నర అడుగుల చొప్పున సందు మిగులుతుంది. ముందు తలుపు వైపు ఏడున్నర అడుగులు ఉంటుంది. కాటా పెట్టుకోవడానికి, సంచులు కుట్టుకోవడానికి అది చాలు. 50 కిలోల బస్తాకు సుమారు మూడడుగులు, రెండడుగుల జాగా కావాలి. అంటే ఒక వరుసకు 100 బస్తాలు. పది వరుసలు వేస్తే 1,000 బస్తాలు. బస్తాకు నెలకు 8 రూపాయలు పడుతుంది. అదే అయిదు వరుసలతో ఆపేస్తే 500 బస్తాలే పడతాయి. బస్తాకు 16 రూపాయలు.

సొంత ఇంట్లో గదికైనా ఇదే లెక్క. 12 అడుగులు, 10 అడుగుల గదిలో గోడలకు ఒకటిన్నర అడుగు సందు వదిలి, తలుపు వైపు రెండున్నర అడుగులు ఉంచినా వరుసకు 9 బస్తాలు పడతాయి. ఆరు వరుసలకు 54 బస్తాలు, అంటే 27 క్వింటాళ్లు. గదిలో ఎలాబడితే అలా పడేస్తే ఇందులో సగం కూడా పట్టవు. పైగా లోపలి బస్తాకు ఏమైందో ఎవరికీ తెలియదు.

పేర్చేటప్పుడు కొన్ని మెలకువలున్నాయి. పై బస్తా కింది రెండు బస్తాల అతుకు మీద కూర్చోవాలి. అంచు బస్తాల మూతులు లోపలి వైపు ఉండాలి. కుట్టు ఊడినా గింజ కారిపోదు. ప్రతి వరుసకూ ఒకే లెక్క బస్తాలు వేస్తే, వరుసలు లెక్కపెడితే చాలు, మొత్తం తెలిసిపోతుంది. పై వరుసలు కొద్దిగా లోపలికి జరిపి కడితే నెట్టు ఒరగదు.

అద్దె మాట్లాడుకునేటప్పుడు ఏడాది మొత్తానికి ఒప్పుకోవద్దు. సరుకు ఉండే నెలలకే మాట్లాడుకోండి. ఏడాదికి తీసుకోక తప్పకపోతే ఖాళీ నెలల్లో ఇంకొకరికి ఇవ్వండి. అయితే ఎరువులు, పురుగుమందులు మాత్రం పెట్టనివ్వకూడదు. ఆ వాసన, ఆ విషం తర్వాత వచ్చే గింజకు అంటుకుంటాయి.

బస్తా ఎన్నిసార్లు లేస్తే అంత కూలి

కళ్లం నుంచి ఇంటికి, ఇంటి నుంచి అరుగు మీదకు, అరుగు నుంచి బండికి, బండి నుంచి గోదాముకు. ఇలా ఒక బస్తా నాలుగైదుసార్లు లేస్తుంది. లేచిన ప్రతిసారీ కూలి, ప్రతిసారీ కొక్కేనికి సంచి చిరిగి గుప్పెడు గింజ. ఆరబెట్టడం, తూర్పారబట్టడం, జల్లించడం, తూయడం అన్నీ కళ్లంలోనే ముగించి, అక్కడి నుంచి నేరుగా గోదాముకు పంపితే రెండు మోతలు తగ్గుతాయి.

సరుకు గోదాములో చేరాక కూడా ఇదే సూత్రం. ముందు వచ్చిన సరుకు ముందు వెళ్లాలి. పాత సరుకు వెనక పడి, కొత్తది ముందుకు వస్తే పాతదాన్ని తీయడానికి కొత్తదాన్ని జరపాలి. జరిపినందుకు మళ్లీ కూలి. పదిమంది రైతులు కలిసి పెట్టుకున్న చోట ఎవరి సరుకు ఎప్పుడు తీస్తారో ముందే మాట్లాడుకుని, ముందు తీసేవారిది తలుపు దగ్గర కట్టాలి. ఒక్కొక్కరి బస్తాలకు ఒక్కో రంగు దారంతో కుట్టు వేస్తే తగాదా ఉండదు. చీటీ రాయడానికి పెద్ద చదువు అక్కరలేదు. పేరు, తేదీ, బస్తాలు, బరువు. ఈ నాలుగూ చాలు.

తేమే అసలు శత్రువు

పురుగు, బూజు రెండూ తేమతోనే వస్తాయి. నిల్వకు ధాన్యంలో తేమ 14 శాతానికి మించకూడదు. ఆరు నెలలు దాటి ఉంచాలంటే 12 శాతానికి రావాలి. కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి 17 శాతం దాకా తీసుకుంటారు గదా అని అదే తేమతో ఇంట్లో నిల్వ పెడితే రంగు మారి, ముక్క వాసన పడుతుంది. మినుము, పెసర, కంది, ఉలవలకు 9 నుంచి 10 శాతం, మొక్కజొన్నకు 12 శాతం, వేరుసెనగ కాయకు 7 నుంచి 8 శాతం ఉంటే మంచిది.

గింజ కొరికితే టప్పున విరగాలని మన పెద్దలు చూసేవారు. ఆ పరీక్ష చెడ్డది కాదు గాని, సరుకు విలువ వేలల్లో ఉన్నప్పుడు తేమ కొలిచే మిషను మీద చూపించుకోవడం మేలు. కొనుగోలు కేంద్రాల్లో, మార్కెట్ యార్డుల్లో ఇవి ఉంటాయి. 12 శాతం తేమ ఉన్న 10 క్వింటాళ్లను 10 శాతానికి ఆరబెడితే సుమారు 22 కిలోల బరువు తగ్గుతుంది. అయ్యో పోయిందే అనిపిస్తుంది. అది పోయిన గింజ కాదు, పోయిన నీరు. ఆ 22 కిలోలు చూసి ఆరబెట్టడం మానేస్తే తర్వాత 50 కిలోలు పోతుంది.

ఎండలోంచి తీసిన వేడి గింజను వెంటనే సంచిలో గాని గాదెలో గాని పోయకూడదు. రాత్రి నీడలో చల్లారనివ్వాలి. వేడి మీద మూత పెడితే లోపల చెమట పట్టి పైపొర బూజు పడుతుంది.

మనది సముద్ర తీరం. వానాకాలంలో గాలిలోనే తేమ ఎక్కువ. గాలిలో తేమ 70 శాతం దాటి అలాగే ఉంటే ఎండిన గింజ కూడా మళ్లీ నీరు పీలుస్తుంది. అందుకని కిటికీలు ఎప్పుడూ తెరిచి ఉంచడమూ, ఎప్పుడూ మూసి ఉంచడమూ రెండూ తప్పే. పొడి ఎండ కాసిన పగటి వేళ తెరవాలి. ముసురు పట్టినప్పుడు, రాత్రుళ్లు మూయాలి. రేకుల షెడ్డయితే వేసవి ముందు పైన తెల్ల సున్నం కొట్టించండి. లోపల వేడి తగ్గుతుంది.

పురుగు, ఎలుక

మినుము, పెసర, కందిలో పడే పుచ్చు పురుగు ఇంట్లో పుట్టేది కాదు. చేలో కాయ మీదే గుడ్డు పెట్టి కళ్లంతో పాటు ఇంటికి వస్తుంది. గింజ మీద తెల్లని చుక్కలు కనబడితే అవి దాని గుడ్లే. ఎండలో బాగా పోసి, జల్లించి పెట్టినవాటికి దెబ్బ తక్కువ. ఇంటి వాడకానికి ఉంచుకున్న అపరాలను త్వరగా పప్పు చేయించుకుంటే ఈ పురుగు బాధ చాలావరకు తప్పుతుంది, ఎందుకంటే అది గుండు గింజ మీదే గుడ్డు పెడుతుంది. విత్తనానికి, ఇంటికి ఉంచుకునే కొద్దిపాటి గింజకు కిలోకు 5 నుంచి 10 మిల్లీలీటర్ల వంటనూనె పట్టించడం, వేపాకు కలపడం పాత పద్ధతులే అయినా పనికొచ్చేవి.

రెండు పొరల ప్లాస్టిక్ సంచి లోపల పెట్టి గాలి చొరకుండా బిగించి కట్టే సంచులు ఇప్పుడు దొరుకుతున్నాయి. లోపలి గాలి పురుగే వాడుకుని, గాలి అందక రెండు మూడు వారాల్లో చస్తుంది. మందు అక్కరలేదు. అయితే గింజ బాగా ఎండి ఉండాలి. సంచికి సూదంత చిల్లు కూడా ఉండకూడదు.

ఖాళీ గోదామును సరుకు రాకముందే ఊడ్చి, పగుళ్లు పూడ్చి, గోడలకు, నేలకు మందు కొట్టాలి. డెల్టామెత్రిన్ 2.5 శాతం పొడి మందును లీటరు నీటికి 40 గ్రాముల చొప్పున కలిపి, 100 చదరపు మీటర్లకు మూడు లీటర్లు చల్లుతారు. ఇది గోడకే. గింజ మీద పడకూడదు. పాత గోనె సంచుల అతుకుల్లో పురుగు దాగి ఉంటుంది. వాటిని మరుగు నీటిలో ముంచి ఎండబెట్టాకే వాడాలి.

ఇంకొన్ని చోట్ల పాత అలవాటు కొద్దీ డైక్లోర్వాస్, అదే మన రైతులు నువాన్ అనే మందు, అడుగుతున్నారు. 2020 డిసెంబరు 31 తర్వాత దాని వాడకాన్ని మన దేశంలో పూర్తిగా నిషేధించారు. ఎవరైనా ఇచ్చినా తీసుకోవద్దు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల సంగతి ఇంకా జాగ్రత్త. టన్నుకు మూడు బిళ్లల లెక్కన, నెట్టు మొత్తం కవరు కప్పి, అంచులు ఇసుక పాములతో మూసి, వారం పైగా ఉంచుతారు. ఆ గాలి పీలిస్తే ప్రాణమే పోతుంది. శిక్షణ పొంది, అనుమతి ఉన్నవారి చేతే చేయించాలి. మనుషులు పడుకునే ఇంట్లో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు.

ఎలుక తినేదానికంటే పాడుచేసేది ఎక్కువ. గోదాము అరుగు నేలకు రెండున్నర అడుగులైనా ఎత్తు ఉండాలి. మెట్లు అరుగుకు కలిపి కట్టకుండా, తీసి పెట్టుకునే చెక్క నిచ్చెన వాడితే ఎలుక ఎక్కదు. తలుపు కింద సందుకు రేకు ముక్క కొట్టించండి.

ఆటోనగర్‌లో కొనే ముందు

బస్తాల కిందికి చెక్క పలకలు కావాలి. వెదురు తడక, దాని మీద ప్లాస్టిక్ పట్టా, మళ్లీ తడక వేసినా సరిపోతుంది. ఓడరేవు ఊరు కాబట్టి విదేశాల నుంచి యంత్రాల కింద వచ్చిన పాత చెక్క పలకలు చవకగా దొరికే అవకాశం ఉంది. కొనేముందు వాటి మీద గోధుమ కంకి బొమ్మతో ఉన్న ముద్ర చూడండి. పక్కన ఇంగ్లీషులో హెచ్‌టీ అని ఉంటే ఆ కర్రను వేడితో శుద్ధి చేశారని అర్థం. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ విషవాయువు పట్టించారని. తిండిగింజల కిందికి హెచ్‌టీ ఉన్నవే తీసుకోండి. నూనె, రంగు, రసాయనం మరకలున్న పలకలు ఏ ముద్ర ఉన్నా వద్దు.

పాత డ్రమ్ముల విషయం కూడా అంతే. రంగులు, ఆయిలు, రసాయనాలు వచ్చిన డ్రమ్మును ఎన్నిసార్లు కడిగినా తిండిగింజకు వాడకూడదు. దానికి బదులు వెల్డింగు షాపులో కొత్త జీఐ రేకుతో గాదె చేయించుకోవచ్చు. పైన బిగుతైన మూత, కింద గింజ తీసుకునే గొట్టం, నాలుగు కాళ్లు ఉండాలి. చోళ్లు, గంటెలు, ఉలవలు ఇంట్లో ఏడాది పొడవునా వాడుకునే కుటుంబానికి ఇది ఒక్కసారి ఖర్చు. మన తాతల నాటి పురి, గాదె చేసిన పనే ఇదీ చేస్తుంది. ఎలుక మాత్రం కొరకలేదు.

రశీదు విలువ తెలుసుకోండి

ప్రభుత్వ గోదాములు పుట్టిందే రైతు కోసం. గ్రామీణ రుణాల మీద 1954లో వచ్చిన నివేదిక, రైతు కళ్లంలోనే తెగనమ్ముకోకుండా ఉండాలంటే గోదాము కావాలని, దాని రశీదు మీద అప్పు పుట్టాలని చెప్పింది. 1956లో చట్టం వచ్చింది. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో మన రాష్ట్ర గిడ్డంగుల సంస్థ ఏర్పడ్డాయి. అయినా ఈనాటికీ చిన్న రైతు వాటి గుమ్మం ఎక్కడానికి జంకుతాడు. "మన ఇరవై బస్తాలు ఆళ్లకి లెక్కా?" అనుకుంటాడు. కేంద్ర గిడ్డంగుల సంస్థ రైతులకు నిల్వ చార్జీలో 30 శాతం తగ్గింపు ఇస్తూ వచ్చింది. పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని వెళ్లి, రైతు తగ్గింపు ఎంత అని ముందే అడగాలి.

2007 నాటి గిడ్డంగుల చట్టం కింద 2010లో నియంత్రణ సంస్థ ఏర్పడింది. అక్కడ నమోదైన గోదాము ఇచ్చే రశీదును 2017 నుంచి కంప్యూటర్‌లో ఇస్తున్నారు. చిరగదు, పోదు, దొంగ రశీదు పుట్టదు. సరుకు కదలకుండానే ఆ రశీదు తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న చిన్న, సన్నకారు రైతుకు ఇలాంటి రశీదు మీద తెచ్చే అప్పుకు పంట కోసిన తర్వాత ఆరు నెలల వరకు పంట రుణంతో సమానమైన వడ్డీ రాయితీ ఉంది. నేను పైన లెక్కలో వేసిన 7 శాతం ఇదే. ఇలాంటి అప్పులకు బ్యాంకులు వెనకాడకుండా 2024 డిసెంబరులో కేంద్రం 1,000 కోట్ల రూపాయల హామీ నిధి కూడా పెట్టింది.

ఉమ్మడి రాష్ట్రంలో మార్కెట్ కమిటీలు రైతుబంధు పేరుతో సరుకు విలువలో 75 శాతం వరకు తాకట్టు రుణం ఇచ్చేవి. మీ మార్కెట్ కమిటీలో ఇప్పుడు అలాంటి రుణం ఎంతవరకు ఇస్తున్నారో కార్యదర్శిని అడిగి చూడండి.

సొంతంగా గోదాము కట్టుకోవాలనుకునే రైతు సంఘాలకు 2020లో మొదలైన వ్యవసాయ మౌలిక వసతుల నిధి ఉంది. 2 కోట్ల రూపాయల వరకు అప్పు మీద 3 శాతం వడ్డీ తగ్గుతుంది. అయితే ముందు ఒకటి రెండు సీజన్లు అద్దె షెడ్డులో నడిపి చూసి, సరుకు నిండుతుందని నమ్మకం కుదిరాకే కట్టడం మంచిది. ఖాళీగా ఉన్న సొంత గోదాము అద్దె గోదాము కంటే ఖరీదు.

తుపాను మరచిపోవద్దు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకిన రోజు మనమెవరం మరచిపోలేం. ఆటోనగర్‌లో రేకుల షెడ్లు ఎన్నో దెబ్బతిన్నాయి. పైకప్పు లేచిపోయాక కింద ఎంత పద్ధతిగా పేర్చినా లాభం లేదు. షెడ్డు అద్దెకు తీసుకునేటప్పుడు రేకులను ఇనుప దూలాలకు బోల్టులతో బిగించారా, మేకులతో కొట్టారా అని పైకి చూడండి. చుట్టుపక్కల వాన నీరు ఎటు పోతుందో చూడండి. అక్టోబరు, నవంబరు నెలల్లో సరుకు ఉంచేవారు నెట్టు మీద కప్పడానికి టార్పాలిన్ దగ్గర ఉంచుకోవాలి. గోదాములో ఉన్న సరుకుకు బీమా ఉందా, అందులో తుపాను, వరద, నిప్పు, దొంగతనం అన్నీ ఉన్నాయా అని రశీదు తీసుకునే రోజునే అడగాలి. పోయాక అడిగితే ఫలితం ఉండదు.

అన్నీ దాచవద్దు

ప్రతి పంటా దాచదగ్గది కాదు. ధాన్యానికి మద్దతు ధర కళ్లంలోనే వస్తుంటే ఆరు నెలలు ఆగి సంపాదించేది తక్కువ. అపరాలు, చోళ్లు, ఏజెన్సీ పసుపు, మిరియాలు లాంటివాటికి ఆగడంలో అర్థం ఉండవచ్చు. 2025-26కు మినుములకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,800 రూపాయలు. కళ్లం ధర దీనికి దగ్గరగా ఉంటే అమ్మేయడమే తేలిక. బాగా తక్కువగా ఉంటేనే నిల్వ ఆలోచన చేయండి.

అనకాపల్లి బెల్లం సంగతి వేరు. వానాకాలం గాలికి అది నీరు కారిపోతుంది. మామూలు గోదాములో ఉంచితే రంగు, గట్టిదనం రెండూ పోతాయి. ఎక్కువ కాలం ఆగాలంటే శీతల గిడ్డంగే దారి. దాని అద్దె ముందుగా లెక్కవేసుకోవాలి. బెల్లాన్ని, గింజలను ఒకే గదిలో ఎప్పుడూ పెట్టకూడదు.

గోదాముకు సరుకు పంపే ముందు

- కళ్లం ధర ఎంత, నిల్వ ఖర్చు క్వింటాలుకు ఎంత పడుతుంది? కాగితం మీద రాసుకోండి.
- తేమ మిషను మీద చూపించారా?
- గోదాము నియంత్రణ సంస్థ వద్ద నమోదైనదేనా? రైతు తగ్గింపు ఎంత?
- అద్దె నెలకా, రోజుకా? నెల మధ్యలో తీస్తే మొత్తం నెల కట్టాలా?
- దించుడు కూలి ఎవరు ఇవ్వాలి? రేటు ముందే మాట్లాడారా?
- బీమా ఉందా? ఏయే నష్టాలకు?
- ఏ ధర వస్తే అమ్ముతారు? ఏ తేదీ దాటితే ధర ఎంతున్నా అమ్మేస్తారు?

చివరి ప్రశ్న చాలామంది వేసుకోరు. ధర పెరుగుతుంటే ఇంకా పెరుగుతుందని, తగ్గుతుంటే మళ్లీ పెరుగుతుందని ఆగిపోతారు. నెల నెలా అద్దె, వడ్డీ మాత్రం ఆగవు. అందుకే మొదటి రోజునే ఒక ధర, ఒక తేదీ రాసి పెట్టుకోవాలి.

ఆ రోజు ఇరుసు అతికించుకుని తిరిగి వస్తూ మా రైతు ఆటోనగర్‌లోనే ఆగి చెక్క పలకలు నాలుగు బేరమాడి, ముద్ర చూసి మరీ కొని తొట్టిలో వేశాడు. "ఈ ఏడు మినుములు గోడకి ఆనకుండా పెడతాను బాబూ. చీటీ నువ్వు రాసి పెట్టాల" అన్నాడు. తన పెద్దకూతురు ఎనిమిదో తరగతి. ఆ అమ్మాయే రాస్తుందిలే అన్నాను.